ల్యాప్‌టాప్ మెల్లగా నడుస్తోందా, వేడెక్కుతోందా? ముందు డిస్క్, ఆ తర్వాత ప్రాసెసర్ చూడండి

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినవాళ్లు షాపులో మొదట అడిగేది "ఐ5 ఉందా, ఐ7 ఉందా" అనే. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మొరాయిస్తే మొదట అనేది "ప్రాసెసర్ పాతదైపోయింది, కొత్తది కొనాలి" అని. ఈ రెండు మాటల వల్ల చాలామంది డబ్బు అనవసరమైన చోట పోతోంది. ఐ7 స్టిక్కర్ ఉన్న ల్యాప్‌టాప్‌ను బరువైన పనుల్లో ఐ5 దాటేసే సందర్భాలు బోలెడు. ఆరేడేళ్ల పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ (చిప్‌ల మీదే డేటా దాచే వేగమైన డిస్క్) పెడితే ఇంకొన్నేళ్లు ఇబ్బంది లేకుండా నడిచే సందర్భాలు అంతకంటే ఎక్కువ. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిపోయి పిల్లలు బీటెక్‌లో చేరే రోజుల్లో ఎన్నో కుటుంబాలు అప్పు చేసి మరీ ల్యాప్‌టాప్ కొంటాయి. ఆ డబ్బు సరైన చోట పడాలి.

ప్రాసెసర్ నిజంగా ఎంత వేగంగా పనిచేస్తుందో రెండు విషయాలు తేలుస్తాయి. డిస్క్ దానికి డేటాను ఎంత త్వరగా అందిస్తోంది, అందులో పుట్టే వేడి ఎంత త్వరగా బయటికి పోతోంది. కొత్తది కొనేటప్పుడైనా, ఉన్నదాన్ని బాగుచేసుకునేటప్పుడైనా చూసుకోవాల్సింది ఈ రెండే.

రోగం ఎక్కడుందో తేల్చుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగానికి వెళ్లండి. సీపీయూ, మెమరీ, డిస్క్ వేరువేరుగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే ఒకసారి, పని మధ్యలో బాగా సతాయిస్తున్నప్పుడు ఇంకోసారి చూడండి.

మొదట డిస్క్ మీద నొక్కండి. అది హార్డ్ డిస్కో, ఎస్‌ఎస్‌డీనో అక్కడే రాసి ఉంటుంది. యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, చదివే వేగం మాత్రం సెకనుకు రెండు మూడు ఎంబీలే ఉండి, రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లలో కనిపిస్తే సమస్య తేలిపోయినట్టే. అదే సమయంలో సీపీయూ చూస్తే 10, 15 శాతమే వాడుతూ ఉంటుంది. అంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో ఐ9 పెట్టినా ఒరిగేదేమీ లేదు.

తర్వాత మెమరీ. బ్రౌజర్, వర్డ్, ఇంకో సాఫ్ట్‌వేర్ తెరిచేసరికే 90 శాతం దాటుతోందంటే ర్యామ్ చాలడం లేదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆ మిగులు డేటాను డిస్క్ మీద దాచి, మళ్లీ కావాల్సినప్పుడు తెచ్చుకుంటుంది. అది కూడా హార్డ్ డిస్క్ అయితే ఇక మూలిగే నక్క మీద తాటికాయే. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌లు అంతగా ఏడిపించడానికి కారణం ఈ జంటే.

ఇప్పుడు సీపీయూ. ఇక్కడ బేస్ స్పీడ్ అని ఒక అంకె, ఇప్పుడు నడుస్తున్న స్పీడ్ అని ఇంకో అంకె ఉంటాయి. పని లేనప్పుడు స్పీడ్ పడిపోవడం మామూలే, అది కరెంటు ఆదా కోసం. బరువైన పని నడుస్తూ వాడకం 90, 100 శాతం ఉన్నప్పుడు మాత్రమే స్పీడ్ చూడండి. ఉదాహరణకు బేస్ స్పీడ్ 2.40 గిగాహెర్ట్జ్ అని ఉంది. పని మొదలైన కాసేపటికి స్పీడ్ 1.2కో 0.8కో దిగి, ఫ్యాన్ మాత్రం గోల పెడుతోందంటే ల్యాప్‌టాప్ వేడికి తట్టుకోలేక తనను తానే తగ్గించుకుంటోంది. ఛార్జర్ వాట్లు సరిపోనప్పుడు కూడా ఇలాగే పడిపోతుంది కాబట్టి అసలు ఛార్జర్ పెట్టే చూడండి.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, సెన్సార్స్ తెరిచి, అరగంట మామూలుగా పని చేసుకోండి. తర్వాత మాగ్జిమమ్ అనే వరుస చూడండి. థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) అన్న చోట యెస్ (Yes) అని ఉంటే వేడి సమస్య ఖాయం. ఈ పరీక్షలు చేయకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు.

హార్డ్ డిస్క్ ఉంటే అది మార్చడమే మొదటి పని

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. చదివే ముల్లు సరైన చోటికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ డేటా ముల్లు కిందికి రావాలి. ఒక్కో చిన్న ఫైలుకు ఇలా 15 మిల్లీసెకన్లు అటూ ఇటూగా పడుతుంది. అంటే అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు అరవయ్యో డెబ్బయ్యో మాత్రమే అందుకోగలదు. విండోస్ లేవాలంటే వేల చిన్న ఫైళ్లు చదవాలి. ఇక ఎందుకు ఆలస్యమో వేరే చెప్పక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా ఇదే పనిని సెకనుకు వేల సార్లు చేస్తుంది.

ఎస్‌ఎస్‌డీ పెడితే వేడి తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. హార్డ్ డిస్క్ వాడే కరెంటే రెండు వాట్ల దగ్గర ఉంటుంది, కాబట్టి దాన్ని తీసేసినందువల్ల ప్రాసెసర్ చల్లబడిపోదు. పైగా ఇన్నాళ్లూ డిస్క్ కోసం ఆగిన ప్రాసెసర్ ఇప్పుడు ఆగకుండా పనిచేస్తుంది, ఆ కాసేపు వేడి పెరగొచ్చు కూడా. కానీ పది నిమిషాల పని నిమిషంలో అయిపోతుంది, మిగతా సమయం చల్లగా ఉంటుంది. వేడే మీ అసలు సమస్య అయితే ఎస్‌ఎస్‌డీ దానికి మందు కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఎస్‌ఎస్‌డీ కొనే ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుందో చూసుకోవాలి. పాత హార్డ్ డిస్క్ స్థానంలో పట్టేది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. దీని వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. ర్యామ్ ముక్కలా సన్నగా, చిన్న బోర్డులా ఉండేది ఎం.2. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎం.2 ఆకారంలోనే సాటా ఉంది, అంతకంటే వేగంగా నడిచే ఎన్‌వీఎంఈ కూడా ఉంది. స్లాట్ ఒక రకానికి, మీరు తెచ్చింది ఇంకో రకానికి అయితే పనిచేయదు. పొడవులు కూడా వేరు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242, 2230 పొట్టివి. కంపెనీ సైట్‌లో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది, అందులో స్లాట్ వివరం ఉంటుంది. 2018 నుంచి 2020 మధ్య 1 టీబీ హార్డ్ డిస్క్‌తో అమ్మిన చాలా మోడళ్లలో పక్కనే ఖాళీ ఎం.2 స్లాట్ ఉంది. అలా ఉంటే విండోస్‌ను ఎన్‌వీఎంఈలో పెట్టుకుని, హార్డ్ డిస్క్‌ను ఫొటోలకూ వీడియోలకూ వదిలేయొచ్చు.

వేగం అంకెలు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఎన్‌వీఎంఈలో జెన్3 (అంటే మూడో తరం) అయితే సెకనుకు 3500 ఎంబీ వరకు, జెన్4 అయితే 7000 ఎంబీ వరకు, జెన్5 అయితే అంతకు రెట్టింపు. అయితే విండోస్ లేవడంలో, బ్రౌజర్ తెరుచుకోవడంలో సాటా ఎస్‌ఎస్‌డీకీ జెన్4కీ మధ్య తేడా సెకన్లలోనే ఉంటుంది. హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారడమే పెద్ద మెట్టు. ఆ పై మెట్లన్నీ చిన్నవే, గంటల కొద్దీ 4కే వీడియో కాపీ చేసేవాళ్లకు తప్ప. జెన్5ను ల్యాప్‌టాప్‌లో నేను సిఫారసు చేయను. అది బాగా వేడెక్కుతుంది, బ్యాటరీ తింటుంది. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉండేది గాలి ఆడని మూల, చాలాసార్లు మన అరచేయి ఆనే చోటికి సరిగ్గా కింద. అది 80 డిగ్రీల దగ్గరికి వెళితే ప్రాసెసర్ లాగే తన వేగం తనే తగ్గించుకుంటుంది.

లోపలి చిప్ రకం కూడా చూడండి. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. క్యూఎల్‌సీ చవక. మామూలు వాడకంలో తేడా తెలియదు, కానీ ఒకేసారి వంద జీబీ కాపీ చేస్తే మొదట ఉరికి, లోపలి క్యాష్ (డేటాను తాత్కాలికంగా దాచుకునే చోటు) నిండగానే హార్డ్ డిస్క్ వేగానికి పడిపోతుంది. అరిగిపోతుందేమో అన్న భయం మాత్రం పెద్దగా అక్కర్లేదు. 1 టీబీ క్యూఎల్‌సీకి 200 టీబీ రాయొచ్చని కంపెనీ హామీ ఇచ్చిందనుకోండి. రోజుకు 30 జీబీ రాసినా ఏడాదికి 11 టీబీనే అవుతుంది. ఆ లెక్కన పద్దెనిమిదేళ్లు. టీఎల్‌సీ 1 టీబీకి హామీ సాధారణంగా 600 టీబీ వరకు ఉంటుంది.

సైజు దగ్గర 512 జీబీ కంటే తక్కువకు వెళ్లకపోవడం మంచిది. ఎస్‌ఎస్‌డీ వేగంగా ఉండడానికి కారణం అది అనేక చిప్‌ల మీద ఒకేసారి చదవడం, రాయడం. సైజు తగ్గితే చిప్‌లు తగ్గుతాయి. యాపిల్ 2022లో తెచ్చిన ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 జీబీ మోడల్‌కు రెండు చిప్‌ల బదులు ఒక్కటే పెట్టింది. దాంతో డిస్క్ వేగం అంతకు ముందు 2020లో వచ్చిన ఎం1 మోడల్‌తో పోలిస్తే దాదాపు సగానికి దిగింది. ప్రాసెసర్ కొత్తది, డిస్క్ మాత్రం వెనక్కి. ఎం3లో మళ్లీ రెండు చిప్‌లకు వచ్చింది.

ఈఎంఎంసీ 64 జీబీ అని రాసి ఉన్న చవక ల్యాప్‌టాప్ జోలికి మాత్రం పోవద్దు. అది ఫోన్లలో వాడే తరహా చిప్, బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేరు. విండోస్, దాని అప్‌డేట్‌లు పోగా మీకు మిగిలేది కొంచెమే. కొన్నాళ్లకు అప్‌డేట్‌కు కూడా చోటు చాలదు.

మార్చే రోజు ఏం చేయాలి

డేటా కాపీ లేకుండా మొదలుపెట్టొద్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత హార్డ్ డిస్క్ పరిస్థితి చూడండి. గుడ్ అని నీలంలో ఉంటే సరే. కాషన్ అని పసుపు రంగులో కనిపిస్తే అన్ని పనులూ ఆపి ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ డిస్క్‌కు ఎక్కువ రోజులు లేవు.

తర్వాత బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం, చూసుకోవాలి. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు మనకు తెలియకుండానే తాళం పడి ఉంటుంది. దాని రికవరీ కీ 48 అంకెలది, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. అది కాగితం మీద రాసుకోండి, లేదా సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేయండి. ఈ ఒక్క పని మరిచిపోతే డిస్క్ బాగానే ఉండి కూడా డేటా అందకుండా పోవచ్చు.

పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు కొత్త దానిలోకి దించడాన్ని క్లోనింగ్ అంటారు. చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ సైట్‌లో ఉచితంగా క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. అయినా నేను కొత్తగా విండోస్ వేసుకోవడమే మంచిదంటాను. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్ చాలు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు విండోస్ లైసెన్స్ బోర్డులోనే నమోదై ఉంటుంది, ఇంటర్నెట్ కలపగానే తనే యాక్టివేట్ అవుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న పనికిరాని సాఫ్ట్‌వేర్లన్నీ ఈ దెబ్బతో పోతాయి.

ల్యాప్‌టాప్ అడుగు మూత తీసే ముందు పూర్తిగా షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. స్క్రూలు వేరువేరు పొడవులవి ఉంటాయి, ఏది ఎక్కడిదో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డ్ వైపు పొడుచుకొస్తుంది. లోపల మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఎం.2 ఎస్‌ఎస్‌డీని కొంచెం వాలుగా స్లాట్‌లోకి నెట్టి, కిందికి వంచి, చివర ఒక్క స్క్రూ బిగించాలి. వారంటీ ఇంకా ఉంటే మూత తీయడం వల్ల వారంటీ పోతుందో లేదో కంపెనీని అడిగాకే మొదలుపెట్టండి. చేయి తిరగనివాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి కంప్యూటర్ మార్కెట్లో ఎదురుగా కూర్చుని చేయించుకోవచ్చు, బిల్లు మాత్రం తప్పక తీసుకోండి. తీసేసిన హార్డ్ డిస్క్‌కు యూఎస్‌బీ కేసు కొనుక్కుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది.

విండోస్ లేచాక ఎస్‌ఎస్‌డీలో 15, 20 శాతం ఎప్పుడూ ఖాళీ ఉంచండి. అంచుల దాకా నింపితే రాసే వేగం పడిపోతుంది.

ప్రాసెసర్ పేరు చివర ఏముందో చదవండి

ఐ5, ఐ7 అన్నది ఆ ఏడాది వచ్చిన వాటిలో ఎవరు ఏ వరుసలో ఉన్నారో చెప్తుంది, అంతే. అసలు సంగతి చివరి అక్షరంలో ఉంది. ఇంటెల్‌లో యూ అని ఉంటే 15 వాట్ల తరగతి, పీ అయితే 28, హెచ్ అయితే 45, హెచ్‌ఎక్స్ అయితే 55 వాట్లు. వాట్లు పెరిగితే పనీ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి.

ఒక ఉదాహరణ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఐ7-1255యూలో పెద్ద కోర్లు (ప్రాసెసర్ లోపల పని చేసే విభాగాలు) రెండు, చిన్నవి ఎనిమిది. ఐ5-12450హెచ్‌లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. రెండూ 12వ తరం. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ పనుల్లో తేడా కనిపించదు. వీడియో ఎక్స్‌పోర్ట్, పెద్ద ప్రాజెక్టు కంపైల్ లాంటి పది నిమిషాల పని పెడితే ఐ5 ముందుంటుంది, ఎందుకంటే దానికి పెద్ద కోర్లూ ఎక్కువ, వాడుకునే వాట్లూ ఎక్కువ. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఐ7 అన్న పేరుకు ఎక్కువ డబ్బు పోసి కొన్నవాళ్లు ఇక్కడ నష్టపోతారు. అలాగని హెచ్ అందరికీ మంచిదనుకోవద్దు. రోజంతా క్లాసులో నోట్స్ రాసుకునే విద్యార్థికి యూ ఉన్న ల్యాప్‌టాప్ తేలిగ్గా, చల్లగా, బ్యాటరీ నిలిచేలా ఉంటుంది.

ఏఎండీ రైజెన్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 7000 సిరీస్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెప్తుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 (Zen 2, ఎస్‌ఎస్‌డీల జెన్‌తో దీనికి సంబంధం లేదు) డిజైన్, నాలుగే కోర్లు. రైజెన్ 5 7530యూలో 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. మధ్యలో ఒక్క అంకె తేడా, షాపు బోర్డు మీద రెండూ "రైజెన్ 5 7000 సిరీస్" అనే రాసి ఉంటాయి. ఇంటెల్ కూడా 2023 చివర్లో కోర్ అల్ట్రా అనే కొత్త పేర్లు తెచ్చింది. 2024లో వచ్చిన కోర్ 5 120యూ లాంటి అల్ట్రా లేని పేర్లు మాత్రం లోపల 13వ తరం డిజైన్‌కే కొనసాగింపు. చవకగా వస్తే కొనండి, కొత్తదనే భ్రమలో ఎక్కువ ఇవ్వొద్దు.

చవక వర్గంలో రెండు కోర్ల సెలెరాన్ ఎన్4020 ఈ రోజుల్లో విండోస్ 11ను మోయలేదు. దాని బదులు నాలుగు కోర్ల ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్నది తీసుకుంటే ఎస్‌ఎస్‌డీతో కలిపి బిల్లింగ్‌కు, తెలుగు టైపింగ్‌కు, ఆన్‌లైన్ దరఖాస్తులకు సరిపోతుంది. అది ఆరు వాట్లదే కాబట్టి వేడి సమస్య దాదాపు ఉండదు.

మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యాన్ లేదు, అయినా మామూలు పనుల్లో చల్లగానే నడుస్తుంది. మెకానికల్, సివిల్ విద్యార్థులు మాత్రం కొనే ముందు సిలబస్ చూసుకోండి, సాలిడ్‌వర్క్స్, రెవిట్ మ్యాక్ మీద నేరుగా నడవవు.

వాట్లు, వేడి, మన వేసవి

బరువైన పని మొదలవగానే ప్రాసెసర్ తన తరగతి వాట్లను దాటి పోతుంది. 15 వాట్ల ఐ5-1235యూ కొన్ని సెకన్ల పాటు 55 వాట్ల దాకా తీసుకోగలదు. పరుగు మొదట్లో ఒక్క ఊపున ఉరికి, ఆయాసం రాగానే నడకలోకి దిగే మనిషిలాంటిదే ఇది. అర నిమిషమో, ఇంకాస్తో గడిచాక ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన హద్దుకు దిగుతుంది. ఆ హద్దు ఎంతన్నది ఫ్యాన్లు ఎన్ని, రాగి గొట్టాలు ఎన్ని, ల్యాప్‌టాప్ మందం ఎంత అనే వాటిని బట్టి ఉంటుంది. అందుకే అదే ప్రాసెసర్ పల్చటి ల్యాప్‌టాప్‌లో ఒక రకంగా, రెండు ఫ్యాన్లున్న మందపాటి దానిలో ఇంకో రకంగా పనిచేస్తుంది. పల్చటి ల్యాప్‌టాప్‌లో హెచ్ ప్రాసెసర్ కొనడమంటే వాడుకోలేని వేగానికి డబ్బు కట్టడమే.

చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల హద్దు 95 నుంచి 100 డిగ్రీలు. గేమ్ ఆడేటప్పుడు, వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 85, 90 కనిపిస్తే టెన్షన్ పడొద్దు, కాలిపోదు. ఖాళీగా ఉన్నప్పుడే 70 దాటినా, చిన్న పనికే 95 తాకినా అప్పుడు పట్టించుకోవాలి.

గది వేడిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అదే పనికి ప్రాసెసర్ వేడి గది వేడి కంటే ఇంచుమించు అన్నే డిగ్రీలు పైన ఉంటుంది. డిసెంబర్‌లో 26 డిగ్రీల గదిలో 84 చూపించిన ప్రాసెసర్, మే నెలలో 40 డిగ్రీల గదిలో 98కి చేరుతుంది. రామగుండంలో, రెంటచింతలలో బయట 45 దాటే రోజుల్లో పై అంతస్తు గదిలో మధ్యాహ్నం పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. మ్యాక్‌బుక్‌ను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెప్తుంది, మిగతా కంపెనీలవీ ఎక్కువగా ఇలాంటి హద్దులే. "చలికాలం బాగుండేది, ఇప్పుడు పాడైంది" అనుకునే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చిన రోగం వేసవి మాత్రమే. బరువైన పనులు పొద్దున్నే పెట్టుకోండి. ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం పెట్టొద్దు, తేమ లోపలికి పోతుంది.

వేడి తగ్గించే పనులు, తేలికైనవి ముందు

పరుపు మీద, దిండు మీద, ఒళ్లో పెట్టుకుని వాడటం మానేయండి. చాలా ల్యాప్‌టాప్‌లు కింద నుంచి చల్లగాలి పీల్చి, వెనక నుంచో పక్క నుంచో వేడిగాలి వదులుతాయి. పరుపు ఆ కింది రంధ్రాలను మూసేస్తుంది. బల్ల మీద పెట్టి, వెనక వైపు రెండు మూలల కింద రెండు వాటర్ బాటిల్ మూతలు పెట్టి చూడండి. కింద గాలి ఆడే సందు పెరిగి కొన్ని డిగ్రీలు దిగుతుంది. కూలింగ్ ప్యాడ్ ఇచ్చే లాభంలో చాలా భాగం ఈ ఎత్తు వల్ల వచ్చేదే.

రెండోది సెట్టింగ్. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ దగ్గర పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మార్చండి. అది చాలకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి తగ్గించండి. ఆ ఒక్క శాతంతో టర్బో, అంటే పైన చెప్పిన ఆ మొదటి ఊపు, ఆగిపోతుంది, చాలా ల్యాప్‌టాప్‌లలో వేడి గణనీయంగా దిగుతుంది. వేగమూ తగ్గుతుంది, కానీ ఆఫీసు పనికి, క్లాసులకు ఆ తేడా పెద్దగా తెలియదు. కొన్ని మోడళ్లలో ఈ ఆప్షన్ కనబడదు, వాటిలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో క్వయట్ మోడ్ లాంటిది ఉంటుంది.

మూడోది దుమ్ము. రెండు మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్ మూత తీసి ఫ్యాన్ చూస్తే రెక్కల మీద పల్చటి దుమ్మే కనిపిస్తుంది, శుభ్రంగానే ఉందనిపిస్తుంది. అసలు దుమ్ము దాక్కునేది ఫ్యాన్‌కూ, దాని ఎదుట సన్నటి రేకుల్లా ఉండే రాగి లేదా అల్యూమినియం రెక్కల వరుసకూ మధ్య. అక్కడ నూలుపోగులు, వెంట్రుకలు, దుమ్ము కలిసి కంబళి ముక్కలా అట్టకడతాయి. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఆ అట్టను దాటి పోదు. బయటి నుంచి ఊదితే అది కదలదు. ఫ్యాన్ స్క్రూలు విప్పి పక్కకు తీసి, వేళ్లతోనో పట్టకారుతోనో ఆ అట్టను లాగేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను అగ్గిపుల్లతో ఆపి పట్టుకోండి, వేగంగా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది.

నాలుగోది థర్మల్ పేస్ట్. ఇది ప్రాసెసర్‌కూ రాగి పలకకూ మధ్య ఉండే జిగురు, ఏళ్లు గడిస్తే ఎండిపోతుంది. దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతేనే దీని జోలికి వెళ్లండి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పల్చగా పెట్టాలి. గ్రాఫిక్స్ మెమరీ మీద ఉండే మెత్తటి ప్యాడ్‌లను తీసి వాటి చోట పేస్ట్ పూయొద్దు. ఆ సందు పేస్ట్‌తో పూడదు.

ఇవన్నీ చేసేటప్పుడు బ్యాటరీని కూడా ఒకసారి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, బల్ల మీద ల్యాప్‌టాప్ నాలుగు మూలలూ ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. వెంటనే సర్వీస్ సెంటర్‌లో మార్పించండి.

కొత్తది కొంటున్నారా?

ఇంటి పని, ఆఫీసు పని, కంప్యూటర్ సైన్స్ మొదటి రెండేళ్ల కోడింగ్ అయితే యూ తరగతి, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో వాడేవాళ్లకు 16 జీబీ ర్యామ్ తప్పనిసరి. క్యాడ్, 3డీ, వీడియో ఎడిటింగ్, గేమ్స్ అయితే హెచ్ తరగతి, విడి గ్రాఫిక్స్, రెండు ఫ్యాన్లు ఉన్నది. డబ్బు ఒకచోటే పెట్టగలిగితే ఐ5 నుంచి ఐ7కి పోవడం కంటే 8 జీబీ ర్యామ్ నుంచి 16కి పోవడానికి పెట్టండి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, తర్వాత పెంచుకోవచ్చా అని కొనే ముందే అడగండి. ఎం.2 స్లాట్ రెండోది ఖాళీగా ఉందేమో కూడా అడగండి.

ఇంటికి తెచ్చాక తిరిగి ఇచ్చే గడువు లోపే ఒక పరీక్ష చేయండి. సినీబెంచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల మల్టీకోర్ పరీక్ష ఉంటుంది. ఛార్జర్ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో పక్కన తెరిచి నడపండి. మొదటి అర నిమిషంలో ఎన్ని వాట్లు, పదో నిమిషంలో ఎన్ని వాట్లు అనేది రాసుకోండి. 45 వాట్ల ప్రాసెసర్ పదో నిమిషంలో 40, 45 దగ్గర నిలబడితే కూలింగ్ బాగుంది. 20కి పడిపోతే మీరు హెచ్ ధర కట్టి యూ పనితనం తెచ్చుకున్నట్టు. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో డిస్క్ వేగం కూడా చూడండి. జెన్4 అని రాసిచ్చినదానికి చదివే వేగం 3500 కూడా దాటకపోతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. అక్కడ పీసీఐఈ 3.0 (జెన్3 అంటే అదే) అని ఉంటే ఎస్‌ఎస్‌డీ మోడల్ నంబర్, బిల్లు రెండూ పట్టుకుని అదే రోజు షాపుకు వెళ్లండి.